పిల్లోడు మనోడు, హుకుం ఎవరిది?

ధర్మవరంలో రైలెక్కి పెనుకొండ, హిందూపురం దాటి బెంగళూరు దిక్కు పోతా ఉంటే, దొడ్డబళ్లాపురం తర్వాత యెలహంక వస్తుంది. కిటికీ పక్కన కూర్చున్నోళ్లు ఒక్కసారన్నా తల వంచి ఆకాశంలోకి చూస్తారు. ఆడ ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ ఉండాది. రెండేండ్లకొకసారి ఏరో ఇండియా పేరుతో విమానాల తిరునాళ్ల జరిగేది కూడా ఆడే. మన సీమ పిల్లోళ్లలో శానామందికి యూనిఫాం మీద ఆశ పుట్టేది ఈ రైలు కిటికీ దగ్గరే. వాన నమ్ముకుని సేద్యం చేసే ఇండ్లలో, మగ్గం మీద బతికే ఇండ్లలో మిలిటరీ ఉద్యోగం అంటే దేశభక్తి ఒక్కటే కాదు, నెల నెలా వచ్చే జీతం కూడా.

ఆ ఉద్యోగానికి ఇంకో కొస ఉండాది. దాని గురించి మన దగ్గర ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఎయిర్‌ఫోర్స్‌లో చేరినోడు జోధ్‌పూర్‌కో, తేజ్‌పూర్‌కో పోతాడని ఇంట్లో తెలుసు. కాంగోకి కూడా పోవచ్చని తెలీదు. ఆడ పది దేశాల సైనికులతో కలిసి, వేరే దేశం జనరల్ కింద, నెత్తిన ఐక్యరాజ్యసమితి నీలి టోపీ పెట్టుకుని పని చేయాల్సి రావచ్చు. అట్లా పోయినప్పుడు ఎవరి మాట వినాల? జీతం ఎవరిస్తారు? ఏమన్నా అయితే ఎవరిని అడగాల?

ముగ్గురిని అనుకుందాం. హిందూపురంలో ఒక నాయన, ధర్మవరంలో ఒక నేతన్న, పెనుకొండలో ఒక అమ్మ. ముగ్గురి పిల్లోళ్లూ ఎయిర్‌ఫోర్స్‌లోనే ఉండారు, ముగ్గురినీ బయటి దేశం పంపుతామని కాగితం వచ్చింది. ముగ్గురికీ తలా ఒక ప్రశ్న. ఒక్కోదాన్నే చూద్దాం.

ముందు ఒక తికమక తీర్చుకుందాం. 2024లో సూలూరులో, జోధ్‌పూర్‌లో 'తరంగ్ శక్తి' పేరుతో మన వాయుసేన చాలా దేశాల విమానాలను పిలిచి కలిసి విన్యాసాలు చేసింది. అది కలిసి ఎగరడం. ఎవరి విమానం వాళ్లది, ఎవరి ఆఫీసరు వాళ్లకుంటాడు, అయిపోయినాక ఎవరింటికి వాళ్లు పోతారు. ఒక ఉమ్మడి కమాండ్ కింద ఎగరడం వేరే సంగతి. దానికి అందరికంటే ముదిరిన ఉదాహరణ జర్మనీలోని గైలెన్‌కిర్షెన్. నాటో దేశాల అవాక్స్ విమానాలు ఉండేది ఆడనే. వీపు మీద పెద్ద తిరగలి రాయి మాదిరి రాడార్ తిప్పుకుంటా, చాలా దూరంలో ఎగిరే విమానాల్ని కనిపెట్టే విమానాలు అవి. ఒకే విమానంలో పైలట్ ఒక దేశపోడు, రాడార్ ముందు కూర్చునేటోడు ఇంకో దేశపోడు. ఇంగ ఆ విమానాలు ఏ దేశం పేరు మీద రిజిస్టర్ అయ్యినాయంటే, లక్సెంబర్గ్ పేరు మీద. సొంత వాయుసేన అంటూ లేని చిన్న దేశం అది.

భారతదేశం నాటోలో లేదు. మన పిల్లోళ్లు ఇట్లాంటి ఉమ్మడి కమాండ్‌లోకి పోయేది ఐక్యరాజ్యసమితి జెండా కింద. అది ఈనాటి ముచ్చట కాదు. 1961 అక్టోబర్‌లో మన వాయుసేన అయిదో స్క్వాడ్రన్ ఆరు కాన్‌బెర్రా బాంబర్లతో కాంగో పోయింది. ఆడ కటంగా అనే రాష్ట్రం విడిపోతామని తిరగబడింది. ఐరాస వాయుదళంలో స్వీడన్ జెట్లు, ఇథియోపియా సేబర్లు, మన కాన్‌బెర్రాలు ఒకే కమాండ్ కింద ఎగిరినాయి. ఆ డిసెంబర్‌లో కొల్వేజీ ఎయిర్‌ఫీల్డ్ మీద దాడి చేసి కటంగా విమానాలను నేల మీదనే పనికిరాకుండా చేసినారు. అదే డిసెంబర్ 5న ఎలిజబెత్‌విల్‌లో నేల మీద పోరాడి చనిపోయిన కెప్టెన్ గురుబచన్ సింగ్ సలారియాకి పరమవీర చక్ర ఇచ్చినారు. ఐరాస శాంతిదళంలో పని చేస్తా ఆ పతకం పొందినోడు ఇప్పటిదాకా ఆయన ఒక్కడే.

తర్వాత 2000లో సియెర్రా లియోన్. 2003 నుంచి మళ్లీ కాంగో. ఈసారి బాంబర్లు కాదు, ఎమ్‌ఐ-17, ఎమ్‌ఐ-25 హెలికాప్టర్లు. గోమా, బుకావు ఊర్ల నుంచి ఎగిరేవి. గోమా ఎట్లాంటి ఊరంటే, 2002లో పక్కనున్న అగ్నిపర్వతం పేలి లావా వచ్చి రన్‌వేలో ఒక భాగాన్నే కప్పేసింది. అట్లాంటి చోట నుంచి మనోళ్లు గాయపడినోళ్లని మోసినారు, సైనికులకు బియ్యం, మందులు చేర్చినారు, అవసరమైతే కాల్పులూ జరిపినారు. మన హెలికాప్టర్ పైలట్లు మొదట నేర్చుకునే బడి మన తెలుగు నేల మీదనే ఉండాది, హైదరాబాదు పక్కన హకీంపేటలో. గల్వాన్‌లో 2020 జూన్‌లో ప్రాణమిచ్చిన సూర్యాపేట కర్నల్ సంతోష్ బాబు కూడా అంతకు ముందు కాంగోలో ఐరాస దళంలో పని చేసినోడే. కాంగో అనే మాట మన ఇండ్లకు అంత దూరపుదేం కాదు.

ఇప్పుడు హిందూపురం నాయన ప్రశ్న: 'మావోడు ఎవరి మాట వినాల?'

జవాబు ట్రాక్టర్ బాడుగ మాదిరి ఉంటుంది. మీ చేను దున్నడానికి పక్కూరి ట్రాక్టర్‌ను డ్రైవర్‌తో సహా బాడుగకు పిలిచినారనుకోండి. ఏ మడి ముందు దున్నాల, ఎంత లోతు దున్నాల అనేది మీరు చెప్తారు. డ్రైవర్ వింటాడు. అంతమాత్రాన ట్రాక్టర్ మీది కాదు. డ్రైవర్ తప్పు చేస్తే జీతం కోసేది ఓనరే. దాన్ని తోలుకుని ఇంకో జిల్లాకు పోదాం అంటే ఓనర్‌ను అడగాల. ఓనర్‌కు ఇంట్లో పని పడితే ట్రాక్టర్‌ను వెనక్కి పిలుచుకుంటాడు.

మిలిటరీ భాషలో దీన్ని రెండు ముక్కలు చేసినారు. ఒకటి పూర్తి కమాండ్. అది ఎప్పటికీ సొంత దేశం చేతిలోనే ఉంటుంది. ఏ దేశమూ దాన్ని ఐరాసకు గానీ, నాటోకు గానీ రాసివ్వదు. రెండోది ఆపరేషనల్ కంట్రోల్, అంటే రోజువారీ పని చెప్పే అధికారం. ఇది మిషన్ ఫోర్స్ కమాండర్‌కు ఇస్తారు, అది కూడా ఒప్పుకున్న పనికి, ఒప్పుకున్న ప్రాంతానికి మాత్రమే. హెలికాప్టర్ల విషయంలో ఇంకో మెలిక. దాడి చేసే హెలికాప్టర్‌కు పని చెప్పేది ఫోర్స్ కమాండర్. సామాన్లు, మనుషులను మోసే హెలికాప్టర్‌కు పని చెప్పేది మామూలుగా మిషన్‌లోని సివిల్ పరిపాలన విభాగం. అంటే ఒకే క్యాంపులో ఉండే మన పిల్లోళ్లలో ఒకడికి హుకుం యూనిఫాం నుంచి వస్తుంది, ఇంకొకడికి సివిల్ ఆఫీసు నుంచి.

క్రమశిక్షణ మాత్రం పూర్తిగా మనదే. 1950 నాటి మన వాయుసేన చట్టం ప్రకారం దాని కిందికొచ్చే మనిషి ఎక్కడుంటే అక్కడ ఆ చట్టం వర్తిస్తుంది. ఐరాస తనకు ఆతిథ్యమిచ్చే దేశంతో చేసుకునే ఒప్పందాల నమూనాలో కూడా, సైనికుడు నేరం చేస్తే విచారించే అధికారం సొంత దేశానిదే అని రాసుంటుంది. ఇది రెండు వైపులా కోసే కత్తి. కాంగోలో మన దళం మీద 2008లో లైంగిక దోపిడీ ఆరోపణలు వచ్చినప్పుడు విచారణ చేయాల్సి వచ్చింది మన సైన్యమే. పేరు వచ్చినా, మచ్చ వచ్చినా మన ఇంటికే వస్తుంది.

వెనక్కి పిలుచుకునే అధికారం వట్టి కాగితం మీది మాట కాదు. 1962లో చైనాతో యుద్ధం వచ్చేసరికి కాంగోలోని కాన్‌బెర్రాలను మనం వెనక్కి తెచ్చుకున్నాం. సియెర్రా లియోన్‌లో ఇంకో కత జరిగింది. కైలాహున్ అనే చోట 222 మంది మన సైనికులను తిరుగుబాటుదారులు రెండు నెలలకు పైగా చుట్టుముట్టి పెట్టినారు. 2000 జూలైలో ఆపరేషన్ ఖుక్రీ పేరుతో వాళ్లని విడిపించినారు. అందులో మన ఎమ్‌ఐ-8లు, ఎమ్‌ఐ-35లతో పాటు బ్రిటిషోళ్ల చినూక్ హెలికాప్టర్లు, ఘనా, నైజీరియా దళాలు కూడా పాల్గొన్నాయి. ఉమ్మడి కమాండ్ బాగా పని చేస్తే ఎట్లుంటుందో దానికి అది సాక్ష్యం. ఆ ఏడాదే ఫోర్స్ కమాండర్‌గా ఉన్న మన మేజర్ జనరల్ విజయ్ కుమార్ జేట్లీకి, మిషన్‌లోని నైజీరియా పెద్దలకు మధ్య పొసగలేదు. సెప్టెంబర్‌లో భారతదేశం తన దళాన్నంతా వెనక్కి తీసుకుంటామని చెప్పేసింది. ఒకే మిషన్, ఒకే ఏడాది. మంచీ చెడూ రెండూ చూసినాం.

కాబట్టి హిందూపురం నాయనకు జవాబు ఇది: రోజూ పొద్దున పని చెప్పేది మిషన్. ఆ పని చేయొచ్చా, లేదా, ఎంతకాలం చేయాల అనేది ఢిల్లీ. పిల్లోడి గురించి అడగాల్సింది న్యూయార్క్‌ను కాదు, ఢిల్లీని.

ధర్మవరం నేతన్న ప్రశ్న దుడ్ల గురించి: 'ఐరాస వాళ్లు డాలర్లలో ఇస్తారంట కదా, అదంతా పిల్లోడి చేతికే వస్తుందా?'

మగ్గం తెలిసినోళ్లకు ఇది అర్థమవడం సులువు. మాస్టర్ వీవర్ పట్టు, డిజైన్ ఇస్తాడు. మగ్గం నేతన్నది, కష్టం నేతన్నది. చీర దిగినాక కూలి వస్తుంది. ఐరాస కూడా అట్లాంటి మాస్టర్ వీవరే. డిజైన్ అంటే భద్రతా మండలి తీర్మానం. మగ్గం అంటే మన హెలికాప్టర్. దాని స్పేర్ పార్టులు, మెకానిక్కులు, టెంట్లు, అన్నీ మనమే తీసుకుపోతాం. ఐరాస ఒప్పందం ప్రకారం ఎగిరిన గంటలకు, సామాన్ల వాడకానికి లెక్కగట్టి దేశానికి చెల్లిస్తుంది. మనిషికి కూడా ఒక రేటు ఉండాది. 2018 జూలై నుంచి అది నెలకు 1,428 డాలర్లు, తర్వాత కొంచెం పెంచినారు. ఈ దుడ్లు పోయేది ప్రభుత్వ ఖజానాకి. సైనికుడికి తన దేశం తన రూల్స్ ప్రకారం జీతం, విదేశీ అలవెన్సు ఇస్తుంది. ఐరాస నుంచి నేరుగా సైనికుడి చేతిలో పడేది రోజుకు 1.28 డాలర్లు, సెలవు రోజులకు ఇంకొంచెం. టీ ఖర్చు అనుకోండి.

కూలి ఆలస్యం కావడం నేతన్నకు కొత్త కాదు. ఐరాస దగ్గర కూడా అదే రోగం. శాంతిదళాల బడ్జెట్‌లో ఎక్కువ వాటా కట్టాల్సింది అమెరికా, తర్వాత చైనా. పెద్ద దేశాలు తమ వాటా టైముకు కట్టకపోతే, సైనికులను పంపిన మన లాంటి దేశాలకు రావాల్సిన బాకీలు ఏండ్లకేండ్లు పడుంటాయి. ఇంకో మాట కూడా చెప్పుకోవాల. దుడ్లు కట్టేది ఎక్కువగా ధనిక దేశాలు, ప్రాణాలు పెట్టేది ఎక్కువగా భారత్, బంగ్లాదేశ్, నేపాల్, పాకిస్తాన్, ఇథియోపియా, రువాండా లాంటి దేశాలు. మన దేశం నుంచి ఇప్పటిదాకా రెండున్నర లక్షల మందికి పైగా ఐరాస మిషన్లకు పోయినారు. 170 మందికి పైగా తిరిగి రాలేదు.

తిరిగి రాకపోవడం అంటే ఏందో మన జిల్లాకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. 2025 మే 9న నియంత్రణ రేఖ దగ్గర ప్రాణమిచ్చిన అగ్నివీర్ మురళీ నాయక్ ఊరు గోరంట్ల మండలం కల్లితండా. పెనుకొండకు దగ్గరే. జెండా కప్పిన పెట్టె తండాకు వస్తే ఎట్లుంటుందో ఈ పక్క ఊర్లన్నీ చూసినాయి. అందుకే పెనుకొండ అమ్మ ప్రశ్న అందరికంటే బరువైంది: 'ఏమన్నా అయితే?'

ఐరాస మిషన్‌లో పని చేస్తా చనిపోయినా, అవయవం పోయినా ఐరాస నుంచి పరిహారం ఉంటుంది. అది కూడా దేశం ద్వారానే కుటుంబానికి వస్తుంది. దానికి కాగితాలు పెట్టాల్సింది మన ప్రభుత్వం. దాంతో పాటు మన దేశం ఇచ్చే పింఛను, పరిహారం వేరే. ఈడ ఒక తేడా ఇంట్లోవాళ్లకు ముందే తెలియాల. పాత పద్ధతిలో చేరిన సైనికుడి కుటుంబానికి పింఛను ఉంటుంది. 2022 జూన్‌లో తెచ్చిన అగ్నిపథ్ కింద చేరినోడికి నాలుగేండ్ల సర్వీసు. డ్యూటీలో చనిపోతే 48 లక్షల బీమా, 44 లక్షల ఎక్స్‌గ్రేషియా, మిగిలిన సర్వీసు కాలానికి జీతం ఉంటాయి. మామూలు సైనికుడి ఇంటికి వచ్చే కుటుంబ పింఛను మాత్రం ఉండదు. ప్రాణానికి పెట్టిన లెక్క ఇద్దరికీ ఒకటి కాదు. పిల్లోడు యా దేశంలో ఉన్నా ఈ లెక్క మారదు, ఎందుకంటే రాసింది మన చట్టం.

'శాంతిదళం అంటే కాల్పులుండవు కదా' అని ఆ అమ్మ అనుకుంటే, అది సగమే నిజం. భద్రతా మండలి కొన్ని మిషన్లకు ఐరాస చార్టర్ ఏడో అధ్యాయం కింద బలప్రయోగానికి అనుమతి ఇస్తుంది. కాంగో అట్లాంటిదే. 2006 నవంబర్‌లో సాకే అనే ఊరి మీదికి లారెంట్ ఎన్‌కుండా తిరుగుబాటు దళం వచ్చినప్పుడు మన ఎమ్‌ఐ-25లు పైనుంచి కాల్పులు జరిపినాయి. అట్లా చేయకపోతే గోమా నగరం పడిపోయేదే అని అప్పుడు అందరూ భయపడినారు. జనాన్ని కాపాడటానికి పోయినోడు ఒక్కోసారి తుపాకీ ఎత్తాల్సి వస్తుంది, వాడి మీదికీ తుపాకీ లేస్తుంది.

ఈ మూడు ప్రశ్నలకూ జవాబులు ఉండాయి. జవాబు లేనిది నాలుగోది: పంపేముందు ఎవరిని అడిగినారు?

1939 సెప్టెంబర్‌లో వైస్రాయ్ లిన్‌లిత్‌గో మన నాయకులను ఒక్క మాట అడగకుండా భారతదేశం యుద్ధంలో ఉందని ప్రకటించేసినాడు. దానికి నిరసనగా మన మద్రాసు రాష్ట్రంతో సహా కాంగ్రెస్ మంత్రివర్గాలు రాజీనామా చేసినాయి. ఆ యుద్ధంలో బ్రిటిషోళ్ల హుకుం కింద బర్మా మీద హరికేన్ విమానం నడిపినోళ్లలో హైదరాబాదులో పుట్టిన ఇద్రిస్ హసన్ లతీఫ్ ఒకడు. తర్వాత 1978లో ఆయనే స్వతంత్ర భారత వాయుసేనాధిపతి అయినాడు. అప్పుడు అడగలేదంటే పరాయి పాలన అనుకున్నాం. మరి ఇప్పుడు?

ఇప్పుడు కూడా మన సైనికులను ఐరాస మిషన్‌కు పంపాలంటే పార్లమెంటు ఓటు అవసరం లేదు. అట్లా అడగాలనే చట్టం మనకు లేదు. కేంద్ర ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. అయితే అడిగితే ఏమవుతుందో ఒకసారి చూసినాం. 2003లో ఇరాక్‌కు ఒక డివిజన్ సైన్యాన్ని పంపమని అమెరికా ఒత్తిడి చేసింది. అప్పటికే పార్లమెంటు ఆ యుద్ధం మీద తీర్మానం చేసి ఉండాది, దేశమంతా చర్చ నడిచింది. చివరికి జూలై 14న వాజ్‌పేయి ప్రభుత్వం స్పష్టమైన ఐరాస ఆదేశం లేదని చెప్పి పంపలేదు. ఆ రోజు పంపి ఉంటే తర్వాతి ఏండ్లలో ఇరాక్‌లో జరిగినదాంట్లో మన పిల్లోళ్లు కూడా ఉండేవాళ్లు.

జర్మనీ ఈ విషయంలో ఒక మెట్టు పైన ఉండాది. సాయుధ సైనికులను బయటికి పంపాలంటే పార్లమెంటు ఒప్పుకోవాలని అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం 1994లో చెప్పింది. 2003లో తుర్కియే మీద అవాక్స్ విమానాల్లో జర్మన్ సైనికులను పార్లమెంటును అడగకుండా ఎగరనిచ్చినందుకు, అది తప్పు అని 2008లో అదే కోర్టు తీర్పు ఇచ్చింది. ఉత్త రాడార్ ముందు కూర్చున్నా సరే, యుద్ధంలోకి లాగే అవకాశం ఉంటే అడగాల్సిందే అన్నది. 2011లో లిబియా మీద నాటో ఆపరేషన్ మొదలైనప్పుడు, ఒప్పుకోని జర్మనీ తన సిబ్బందిని ఆ అవాక్స్ విమానాల నుంచి దింపేసింది. విమానాలు మాత్రం మిగతా దేశాలోళ్లతో ఎగిరినాయి. ఎంత ఉమ్మడి కమాండ్ అయినా, ఒక దేశం 'మా పిల్లోళ్లు దీనికి రారు' అనగలదని దీన్ని బట్టి తెలుస్తాంది.

నేను శాంతిదళాలకు పోవద్దని చెప్పడం లేదు. గోమాలో మన హెలికాప్టర్ దిగితే గాయపడిన మనిషి బతికినాడు, అది చిన్న మంచి కాదు. నేను చెప్పేది ఒకటే. హుకుం రెండు చేతుల్లో ఉంటుంది కాబట్టి బాధ్యత ఏ చేతికీ చిక్కకుండా జారిపోయే ప్రమాదం ఉండాది. మిషన్ 'మీ దేశాన్ని అడుగు' అంటుంది, దేశం 'అది మిషన్ పని' అంటుంది. మధ్యలో పెనుకొండ అమ్మ నిలబడుతుంది.

అందుకని ప్రతి మిషన్‌కు ముందు కొన్ని సంగతులు పార్లమెంటు ముందు పెట్టాల: ఏ పనికి, ఎన్నాళ్లకు, ఎవరి కంట్రోల్ కింద, ఏ పని చేయమన్నా చేయరు, ఏమన్నా అయితే కుటుంబానికి ఏం వస్తుంది. దీంట్లో రహస్యం ఏమీ లేదు. మన హెలికాప్టర్ ఏ గంటకు ఎగురుతుందో ఎవరూ అడగడం లేదు. అదే సంగతులు తెలుగులో ఒక కాగితం మీద రాసి, జిల్లా సైనిక సంక్షేమ ఆఫీసు ద్వారా ఇంటికి అందించాల. రిక్రూట్‌మెంట్ ర్యాలీకి పోయే పిల్లోడికి పరుగు ఎంత సేపట్లో పూర్తి చేయాలో చెప్పేవాళ్లు శానామంది ఉండారు. సంతకం పెట్టే కాగితంలో ఏముందో చెప్పేవాళ్లు కావాల.

ఇంట్లోవాళ్లు కూడా అడగడం నేర్చుకోవాల. పిల్లోడు సెలవుకు వచ్చినప్పుడు, సంగటి తినే దగ్గరే, మెల్లగా అడగండి. నామినీ పేరు సరిగా ఉందా? పెండ్లయినాక మార్చినావా? బయటి దేశం పంపితే నీ యూనిట్ నంబర్, ఈడ ఫోన్ చేయాల్సిన ఆఫీసు ఏది? పాత పద్ధతిలో చేరినావా, అగ్నివీరా? ఇవి అపశకునం మాటలు కావు. కొత్త ట్రాక్టర్ కొంటే ఇన్సూరెన్స్ కాగితం చదివే మనం, కడుపున పుట్టినోడి కాగితం చదవకపోతే ఎట్లా?